సగం పిలుపు

తడిసిన గడ్డి వాసన. దాని కింద ఇంకో వాసన.

ఉన్నిది కాదు. పాలది కాదు. పచ్చిగా, ఘాటుగా... చేత్తో నలిపిన ఆకులాంటి వాసన.

అక్క ముక్కుకు అది కొత్త.

తెల్లవారుతున్న బయలు మీద మంచు ఇంకా లేవలేదు. నీళ్ళ తొట్టి చుట్టూ గొర్రెల వీపులు. వీపులన్నీ ఒకే ఎత్తు. వాటి మధ్య ఒకటి పైకి లేచింది — సన్నగా, నిలువుగా.

మెడ.

దాని పక్కన ఇంకోటి. అటు చివర మరోటి, దానికి మెలితిరిగిన కొమ్ములు.

మూడు జింకలు. ఆమె తొట్టిలో, ఆమె గొర్రెల మధ్య, పిలిచి పీట వేస్తే వచ్చినట్టు నింపాదిగా నీళ్ళు తాగుతున్నాయి.

ఇంకెవరైనా అయితే ఆహా అనేవాళ్ళు. అక్క అనలేదు. ఎవరి పని ఇది... అనుకుంది. ఏం చూసినా ఆమెకు మొట్టమొదట వచ్చే ఆలోచన అదే.

ఊరంతా ఆమెను అనుమానాలక్క అంటుంది. వెనకాల అంటుంది. ఎదురుగా వట్టి అక్కే. డాక్టరు మాత్ర ఇస్తే రెండు వైపులా తిప్పి చూసి గానీ మింగదు. రేపు వానొస్తుందని రేడియో చెబితే, వాన సంగతి సరే, రేడియోకి ఇంత శ్రద్ధ ఎందుకని ఆలోచిస్తుంది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆ రోజంతా ఆమెకు మనసు మనసులో ఉండదు.

కర్ర ఎత్తింది. "హుష్! ఫో!"

గొర్రెలు చెదిరాయి. జింకలు చెదరలేదు. వాటిలో ఒక లేడి — ఎడమ చెవి నిలువునా చీలి ఉంది — మెడ చాచి, కర్ర కొసను వాసన చూసింది. తర్వాత కర్ర పట్టుకున్న చేతిని వాసన చూసింది. వెచ్చటి ఊపిరి మణికట్టు మీద తగిలింది.

అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

జింక అంటే బెదరాలి కదా. ఆకు కదిలితే ఉలిక్కిపడాలి కదా. మనిషి నీడ కనబడితే గాల్లో ఉండాలి కదా!

బెదరని జింక వెనక ఎవరో ఉన్నారు. ఖాయం.

తొట్టి చుట్టూ వంగి వంగి వెతికింది. అడుగుల జాడలు చూసింది. అన్నీ ఆమెవే. ఎవరో ఉప్పు చల్లి వీటిని రప్పించారేమోనని మట్టి వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు లేదు. వట్టి మట్టి. ఉమ్మేసి, మళ్ళీ ఇంకోచోట తీసి చూసింది. అక్కడా మట్టే.

*

అనుమానించడానికి ఆమెకు కారణాలు లేకపోలేదు.

ఆమె చిన్నతనంలో ఈ బయలు మీద జింకలుండేవి. పరుగెత్తితే గడ్డి పాయలు పాయలుగా విడిపోయేది. తర్వాత తుపాకులొచ్చాయి. తుపాకుల తర్వాత నాగళ్ళు, కంచెలు, రోడ్డు. ఒక ఏడు చూసేసరికి జింకల్లేవు. ఎప్పుడు పోయాయో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. గడ్డి మాత్రం మిగిలింది.

పోయిన నెల లారీలొచ్చాయి. లారీల్లో చెక్కపెట్టెలు. పెట్టెల్లో జింకలు. గుట్ట అవతల కంచె వేసిన కేంద్రంలో, తల్లుల్లేని కూనలుగా వచ్చి, సీసా పాలు తాగి పెరిగినవి. వాటిని తిరిగి బయలు మీదికి వదిలే పనికి డాక్టరమ్మే పెద్ద. పశువుల డాక్టరు. చిన్న వయసు, పెద్ద బూట్లు. లారీ మెట్టు మీద నిలబడి కాపరులందరికీ చెప్పింది.

"ఇవి మీకు పోటీ కాదు. మీ గొర్రెలు వదిలేసిన ముదురు గడ్డి ఇవి మేస్తాయి. ముళ్ళపొదల్ని ఎదగనివ్వవు. రెండూ తిరిగితేనే బయలు బాగుంటుంది."

అందరూ తలలూపారు. అక్క ఊపలేదు.

"ఒకే ఒక్క మాట," అంది డాక్టరమ్మ. "మందల్లో కలవకూడదు. గొర్రెల జబ్బు తగిలితే గుంపుకి గుంపే పోతుంది. మనుషులకి అలవాటు పడ్డా అంతే. పిలిస్తే వచ్చే జింక ఈ రోజుల్లో బతకదు. ఎక్కడ కలిసి మేస్తే అక్కడ గొర్రెల మేత ఆపేయాలి."

ఇదిగో, అసలు సంగతి చివర్లో వచ్చింది — అనుకుంది అక్క.

దక్షిణం వైపు గడ్డి ఆరేళ్ళ కిందటే మూసేశారు. మిగిలింది ఈ ఉత్తరం పక్క. ఆమెకున్నది ఆ మంద. మందకున్నది ఈ గడ్డి. ఇదీ పోతే గొర్రెల్ని తోలుకుని ఎటు వెళ్ళాలో ఆమెకు తెలియదు.

ఇప్పుడు చూడు. మూడు జింకలు. ఆమె తొట్టిలోనే.

*

ఎవరు చెప్పారో, ఎండెక్కకముందే డాక్టరమ్మ జీపు వచ్చింది.

ఎవరు చెప్పారు? అక్క మనసు అక్కడే చిక్కుకుంది.

డాక్టరమ్మ దుర్భిణి దించి, తొట్టి చూసింది, గొర్రెల్ని చూసింది, అక్కను చూసింది.

"మీరేమైనా పెడుతున్నారామ్మా వీటికి?"

"నా గొర్రెలకే నేను పెట్టను. అవే మేస్తాయి."

"మరి ఎందుకొస్తున్నాయి?"

"మీరు తెచ్చారు. మీరే చెప్పాలి."

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. అదీ అనుమానించాల్సిందే. "ఈ రోజు నేనేమీ రాసుకోను. ఎనిమిదో రోజు వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ పక్క కంచె పడుతుంది. జింకల్ని పట్టి లోపలికి తీసుకుపోతాం. నా చేతిలో ఏమీ ఉండదమ్మా."

జీపు వెళ్ళిపోయింది. దుమ్ము చాలాసేపు నిలబడింది.

ఎనిమిది రోజులు.

*

రెండు రోజులు అక్క కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది.

జింకలు పొద్దున వచ్చాయి. మధ్యాహ్నం వచ్చాయి. సాయంత్రం వచ్చాయి. మధ్యలో రాలేదు. మూడు కాస్తా ఏడయ్యాయి. గుంపు మొత్తం అదే. తొట్టి నిండా నీళ్ళున్నా, మధ్యలో ఒక్కటీ మూతి పెట్టలేదు.

మరి ఆ మూడు వేళల్లో ఏముంది?

మూడో రోజు మధ్యాహ్నం తెలిసింది.

ఆ మూడు వేళల్లో ఆమె పిలుస్తుంది.

ఈ బయలు మీద ప్రతి కాపరి ఇంటికీ ఒక పిలుపు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పిల్లలకు. ఒకరిది ఇంకొకరు నోటితో అనరు. అనడం తప్పు, పక్కవాడి దొడ్డి తలుపు తీయడమంత తప్పు. నాలుగు మందలు ఒకే నీటి దగ్గర కలగలిసిపోయినా, నలుగురు నాలుగు మూలల నిలబడి పిలిస్తే చాలు. పాపిడి తీసినట్టు మందలు విడిపోతాయి.

వాళ్ళ ఇంటి పిలుపు ఇది. నాలుకను అంగిటికి ఆడించి రెండుసార్లు — టర్ర్ర్... టర్ర్ర్... తర్వాత గుండెల్లోంచి పొడవుగా — ఓ... చివర కత్తిరించినట్టు — హే!

గొర్రెలు 'హే' వినే దాకా కదలవు. తల ఎత్తుతాయి, ఆగుతాయి, 'హే' పడగానే వస్తాయి. వాళ్ళ నాన్న అలా అలవాటు చేశాడు.

ఆ మధ్యాహ్నం అక్క పిలిచింది.

టర్ర్ర్... టర్ర్ర్...

మందలో తలలు లేచాయి. దూరంగా, ముదురు గడ్డిలో, ఏడు మెడలు కూడా లేచాయి. అదే క్షణాన.

ఓ...

గొర్రెలు ఆగి ఉన్నాయి. జింకలు బయలుదేరాయి!

'హే' ఇంకా ఆమె గొంతులోనే ఉంది. జింకలు అప్పటికే గాల్లో ఉన్నాయి. గెంతుతూ, గడ్డి మీద తేలుతూ, సంతోషంగా... అమ్మ పిలిచినట్టు వస్తున్నాయి.

'హే' లేని పిలుపు.

ఆ పిలుపు ఈ లోకంలో ఒకే ఒక్కడిది.

చిన్నప్పుడు వాడికి ఊపిరి చాలేది కాదు. 'ఓ' దగ్గరే అయిపోయేది. నాన్న నెత్తి మీద మొట్టేవాడు — ఒరే, పూర్తి చెయ్యరా, సగం పిలిస్తే సగం మందే వస్తుంది! వాడు నవ్వేవాడు. పెద్దయ్యాక ఊపిరి చాలింది. అలవాటు మాత్రం మారలేదు. సగం పిలిచి ఊరుకునేవాడు.

తమ్ముడు.

*

తమ్ముడు ఆరేళ్ళ కిందట తన వంతు గొర్రెల్ని అక్కకే వదిలేసి, గుట్ట అవతల కేంద్రంలో జింకలకు మేత పెట్టే ఉద్యోగంలో చేరాడు. యూనిఫారం వచ్చింది. వచ్చిన నెలలోపే దక్షిణం వైపు గడ్డి మూసేశారు. మేపొద్దన్న రోజుల్లో అక్క మంద అక్కడ రెండుసార్లు మేసిందని ఎవరో ఆఫీసులో చెప్పారట, అందుకని.

ఎవరో.

రెండూ రెండూ కలిపి చూసుకుంది అక్క. ఎవరినీ అడగలేదు. వాడినీ అడగలేదు. ఆ రోజు నుంచి మాట లేదు. దారిలో ఎదురైతే తల తిప్పేసుకునేది. వాడు మొదట్లో ఆగేవాడు. తర్వాత తర్వాత ఆగడం మానేశాడు.

ఇప్పుడు అదే దారిలో నడుస్తోంది. అడుగు అడుగుకీ లోపల రగిలిపోతోంది.

నేర్పించాడు. కావాలనే నేర్పించాడు. దక్షిణం చాల్లేదు వాడికి. ఇంటి పిలుపుతోనే ఇంటిని ముంచుతున్నాడు.

రేకుల షెడ్డు. గోడ వెంట దాణా బస్తాలు. చెక్కబల్ల మీద వరసగా సీసాలు, కడిగి బోర్లించిన రబ్బరు పాలపీకలు. మేకుకు ఒక పొడవాటి అంగీ వేలాడుతోంది. ఎండుగడ్డి రంగు. ముఖం కూడా కప్పేసే ముసుగు దానికే కుట్టి ఉంది. పక్కన అట్ట మీద పెద్ద అక్షరాలు — లోపల మాట్లాడరాదు. ముఖం చూపరాదు.

తమ్ముడు సీసా తోముతున్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. అది ఆమె అనుకోలేదు. వాడికి జుట్టు నెరిసేంత కాలం అయిందని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

"అక్కా?" అన్నాడు. లేచి నిలబడ్డాడు. సీసా చేతిలోనే ఉంది.

"మన పిలుపు వీటికి ఎందుకు నేర్పావురా?"

వాడి ముఖంలో రంగు పోయింది. అబద్ధం ఆడతాడేమోనని చూసింది. ఆడలేదు.

"నేర్పలేదక్కా. మొదటి ఏడు వచ్చిన కూనలు సీసా పట్టలేదు. ఒక్కోటీ రాలిపోతోంది. ఈ అంగీ వేసుకుని, నోరు మూసుకుని, సీసా చాచి నిలబడతాను. రావు. మూల నక్కి వణుకుతుంటాయి. మూడు పోయాయి. నాలుగోది చెవి కంచె తీగకు చీరుకుని నెత్తురు కారుతూ పడుంది. ఆ పూట నాకే తెలియకుండా నోట్లోంచి వచ్చేసింది. వచ్చి తాగింది. ఇక మిగతావీ వచ్చాయి."

"మాట్లాడకూడదని రాసుంది కదా!"

"మాట్లాడలేదు. పిలిచాను." తల వంచుకున్నాడు. "నాకింకేం పిలుపు వచ్చక్కా?"

అక్క చూపు మేకుకున్న అంగీ మీదికి పోయింది. వెంటనే వాడి మీదికి తిరిగింది.

"అప్పుడు దక్షిణం మూయించావు. ఇప్పుడు ఇదీ మూయిస్తావు."

"నేను మూయించానా? ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నాకు కళ్ళు లేవూ?"

సీసాలోంచి నురుగు నేల మీద పడుతోంది.

"ఆరేళ్ళు," అన్నాడు. "అడిగుంటే ఒక్క నిమిషంలో చెప్పేవాణ్ణి."

"ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడు చెప్తే నమ్ముతావా?"

అక్క నమ్ముతానని అనలేకపోయింది. నమ్మనని కూడా అనలేకపోయింది. బయట ఎక్కడో కూన ఒకటి సన్నగా అరిచింది. వాడు అటు తిరిగాడు.

*

చెప్పేస్తే సరిపోతుంది.

డాక్టరమ్మకు ఒక్క ముక్క చెబితే చాలు. తప్పు నాది కాదు, నా గొర్రెలది కాదు, మీ మనిషిది. వాడి ఉద్యోగం పోతుంది. జింకల్ని పట్టుకుపోతారు, బతికినన్నాళ్ళూ కంచెలోనే ఉంటాయి. గడ్డి మిగులుతుంది. ఆమెకు కావలసింది గడ్డే కదా.

డాక్టరమ్మ ఆఫీసు దాకా వెళ్ళింది. వరండాలో బెంచీ మీద కూర్చుంది. గోడ మీద బయలు పటం. దక్షిణం వైపు ఎర్ర గీత.

డాక్టరమ్మ తలుపు తీసింది. "ఏంటమ్మా, ఏదైనా చెప్పాలా?"

చెప్పాలి. నాలుక చివర ఉంది. నా తమ్ముడే... అని మొదలెట్టాలి అంతే.

ఆరేళ్ళుగా వాడు చేశాడని ఆమె నమ్ముతున్న పని సరిగ్గా ఇదే. ఇలాగే వచ్చి ఉంటాడు, ఈ బెంచీ మీదే కూర్చుని ఉంటాడు, నా అక్కే... అని ఉంటాడు. అందుకే కదా వాడి ముఖం చూడనిది. ఇప్పుడు బెంచీ మీద ఉన్నది ఆమె. వాడు ఎప్పుడైనా కూర్చున్నాడో లేదో ఆమెకు తెలియదు. తను మాత్రం కూర్చుంది.

సిగ్గేసింది. నిలువునా సిగ్గేసింది.

"తొట్టి పగిలింది," అంది. "కాస్త సిమెంటు ఉంటే..."

"చూస్తాను," అంది డాక్టరమ్మ. తొట్టి పగల్లేదని ఆమెకు తెలుసో ఏమో, తలుపు మూసేముందు ఇంకోసారి చూసింది.

*

పిలవకుండా ఉందామనుకుంది. ఒక పూట నోరు కుట్టేసుకుంది. మంద మందంతా తలా ఒక దారి పట్టింది; చూలుగొర్రె ఒకటి గోతిలో దిగి, ఇద్దరు మనుషులు లాగితే గానీ రాలేదు. గొర్రెలకు ఇంకో పిలుపు నేర్పాలంటే ఇప్పుడున్నవి పోయి వాటి పిల్లలు ఎదగాలి. ఎనిమిది రోజుల్లో అప్పటికి నాలుగు పోయాయి.

పైగా ఆమె నోరు మూసుకుంటే అయిపోయిందా? మనిషి గొంతు వింటే సంతోషించే జింకలవి. ఈ రోజు ఆమె గొంతు. రేపు తుపాకి పట్టుకున్నవాడి గొంతు.

చెవి చీలిన లేడి ఊపిరి మణికట్టు మీద ఇంకా ఉన్నట్టే ఉంది. పిచ్చిముండా, అనుకుంది అక్క. నీకు అనుమానం అనేదే లేదేమే? అది లేకుండా ఇన్నాళ్ళు ఎలా బతికావే?

అనుమానం దానికి ఎవరో నేర్పాలి.

అందులో ఈ చుట్టుపక్కల తనను మించినవాళ్ళు లేరని ఆమెకు తెలుసు.

మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది. లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది.

"రేపు పొద్దున రా. ఆ అంగీ వద్దు. ముఖం కనబడాలి. నువ్వే పిలవాలి. అవి వచ్చాక నువ్వే కొట్టాలి."

"కొట్టడమా?"

"రాళ్ళతో."

"నా వల్ల కాదక్కా." తల అడ్డంగా ఊపాడు. "నువ్వు కొట్టు."

"నేను కొడితే నన్ను చూసి భయపడతాయి. పిలుపుకి భయపడవు. నువ్వు పెట్టిన అలవాటు నువ్వే తియ్యాలి."

"చీలిన చెవిది... అది నా ఒళ్ళో పెరిగిందక్కా."

"అందుకే," అంది అక్క. ఇంకేమైనా అంటే తనే ఏడుస్తుందని వచ్చేసింది.

*

మొదటి పొద్దు.

గొర్రెల్ని దొడ్డిలోనే ఉంచింది. రేకు డబ్బా తెచ్చింది. మంద కాసే కుక్కను తాడుకు కట్టింది. గుట్ట కింద ఏరి తెచ్చిన మూడు గుప్పిళ్ళ రాళ్ళు తమ్ముడి కాళ్ళ దగ్గర పోసింది.

మంచులో నిలబడి వాడు పిలిచాడు. టర్ర్ర్... టర్ర్ర్... ఓ...

ఆరేళ్ళ తర్వాత ఆ గొంతు ఈ బయలు మీద. అక్క ముఖం పక్కకు తిప్పుకుంది. దొడ్డిలో గొర్రెలు తలలెత్తి, రాని 'హే' కోసం ఆగిపోయాయి.

జింకలు వచ్చాయి. గాలిలా వచ్చాయి. వాడి చుట్టూ మూగాయి, చేతులు వెతికాయి, జేబులు నెట్టాయి.

"కొట్టు!"

వాడు రాయి తీశాడు. విసిరాడు. ఎక్కడికో, ఆకాశంలోకి. జింకలు అది ఎక్కడ పడుతుందా అని చూశాయి.

అక్క డబ్బా వాయించింది. కుక్కను వదిలింది. అరిచింది. తమ్ముడూ అరిచాడు, ఏడుస్తూ అరిచాడు. ఆరు జింకలు చెదిరాయి. చెవి చీలినది మాత్రం వెళ్ళలేదు. కుక్కను దాటుకుని మళ్ళీ వాడి దగ్గరికే వచ్చింది, కాపాడమన్నట్టు.

రెండో పొద్దు. పిలుపు. ఆరూ దూరంగా ఆగిపోయాయి. రావాలా వద్దా... రావాలా వద్దా... చెవులు అటూ ఇటూ తిరిగాయి. రాళ్ళు పడ్డాయి. పరుగెత్తాయి.

చెవి చీలినది వచ్చింది.

మూడో పొద్దు.

పిలుపు 'ఓ' దగ్గరికి రాకముందే ఆరూ గుట్ట వైపు దూసుకుపోయాయి. అదొక్కటే నిలబడింది. ఒక అడుగు. ఇంకో అడుగు. వాడి ముఖంలోకి చూస్తూ వచ్చింది.

"ఒరే," అంది అక్క. మెల్లగా అంది. "దానికి నువ్వు తప్ప ఎవరూ నేర్పలేరురా."

తమ్ముడు వంగాడు. రాయి ఏరుకున్నాడు. ఈసారి ఆకాశంలోకి విసరలేదు.

పక్కటెముకల మీద తగిలింది. చప్పుడు అక్కకు వినిపించింది.

లేడి ఎగిరి, తిరిగి, ఆగింది. చూసింది. దాని చూపు వాడి ముఖం మీద నుంచి మెల్లగా చేతి మీదికి దిగింది. అక్కడే ఉండిపోయింది. తర్వాత వెళ్ళిపోయింది, మొదట నడిచి, తర్వాత పరుగెత్తి.

తమ్ముడు గడ్డిలో కూలబడ్డాడు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు చూసుకున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళాలనుకుంది అక్క. వెళ్ళి ఏమనాలో తెలియలేదు. దొడ్డి తలుపు తీయడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి వాడు లేడు.

*

ఎనిమిదో రోజు డాక్టరమ్మ వచ్చింది.

అక్క పిలిచింది. టర్ర్ర్... టర్ర్ర్... ఓ...

'ఓ' వినబడగానే ముదురు గడ్డిలో ఏడు వీపులు లేచి, చెల్లాచెదురై, గుట్ట ఎక్కేశాయి.

హే!

గొర్రెలు వచ్చాయి. తొట్టి చుట్టూ వీపులన్నీ ఒకే ఎత్తు.

డాక్టరమ్మ దుర్భిణి చాలాసేపు దించలేదు. "మంచి బెదురు వచ్చిందే," అంది. "ఎనిమిది రోజుల్లో ఎలా వచ్చిందమ్మా?"

"నాకేం తెలుసు. అడవి జంతువులు కదా."

డాక్టరమ్మ కాలి కింద గడ్డి నలిగి పడి ఉంది. అందులో రాళ్ళు. ఈ బయలు మీద రాళ్ళు ఉండవు. బూటు కొసతో ఒకదాన్ని దొర్లించింది. అక్కను చూసింది. గుట్ట అవతలి కేంద్రం వైపు చూసింది. పుస్తకం తెరిచి, ఏదో రాసి, మూసింది.

ఏం రాసిందో అక్కకు చూపలేదు. కంచె మాత్రం పడలేదు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా పచ్చగా ఉండగా తమ్ముడు బయలు అంచుకు వచ్చాడు. యూనిఫారంలో ఉన్నాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. లోపలికి రాలేదు, గడ్డి మొదలయ్యే చోటే ఆగాడు. ఒక్కసారి దగ్గాడు, అంతే. అంత దూరాన ఉన్న జింకలు తలెత్తి, తిరిగి, కనబడకుండా పోయాయి. చెవి చీలినది అందరికంటే ముందు పోయింది.

వాడు అవి పోయిన వైపే చూస్తున్నాడు.

"మంచిదే కదక్కా," అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మంచిదేరా."

గాలి వీచింది. గడ్డి వంగి లేచింది. అక్క గొంతులో ఆరేళ్ళ మాటలు. దక్షిణం సంగతి అడగాలి. అడగకూడదు. అడిగితే మళ్ళీ అదే అవుతుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెకు తెలుసుకోవాలని లేదు. వాడు రావాలని ఉంది. అంతే ఉంది.

"ఇంటికి రా," అంది. "రెండు ముద్దలు తిని వెళుదువు గాని."

తమ్ముడు కదలలేదు.

పది అడుగుల దూరం. వాడు ఆమె ముఖం చూశాడు. తర్వాత వాడి చూపు మెల్లగా కిందికి, ఆమె చేతుల మీదికి దిగింది.

అక్కకు అర్థమైంది. ఎక్కడో పొడుచుకుంది.

కర్ర కింద పడేసింది. రెండు అరచేతులూ తెరిచి, వాడికి కనబడేలా ముందుకు చాచింది.

"ఏమీ లేదురా. చూడు. ఏమీ లేదు."

గడ్డి కదిలింది. వాడు ఒక అడుగు వేశాడో, నిలబడ్డ చోటే గాలికి ఊగాడో... ఆమెకు తెలియలేదు.

చేతులు దించలేదు.